పొట్టి నీలం కడ్డీ

మంత్రిగారు తెర మీది నీలం కడ్డీని వేలెత్తి చూపించి, "ఈ పొట్టిది ఎవరిదయ్యా?" అని అడిగారు. ఆ పొట్టిది ఎవరిదీ కాదన్న సంగతి ఆ హాల్లో ఒక్క హైమావతికే తెలుసు.

కాకినాడలో రాష్ట్ర కొబ్బరిపీచు ప్రోత్సాహక మండలి నెలవారీ సమీక్ష జరుగుతోంది. తెర మీద నాలుగు గుంపులుగా కడ్డీలు నిలబడి ఉన్నాయి. ఒక్కో గుంపులో నీలం, నారింజ, బూడిద రంగుల్లో మూడేసి. గుంపుల కింద ఇంగ్లీషులో కేటగిరీ ఒకటి, కేటగిరీ రెండు, కేటగిరీ మూడు, కేటగిరీ నాలుగు అని రాసి ఉంది. నీలం కడ్డీల నెత్తిన అంకెలు: 4.3, 2.5, 3.5, 4.5.

హైమావతి ఆ చార్టుని చూడగానే గుర్తుపట్టింది. అందుకు పెద్ద తెలివేం అక్కర్లేదు. స్లయిడ్లు తయారుచేసే ఆ సాఫ్ట్‌వేర్‌లో చార్టు కావాలని నొక్కితే చాలు, కంప్యూటర్ తన దగ్గరున్న నమూనా చార్టు ఒకటి తెచ్చి పడేస్తుంది. వెనకాలే చిన్న పట్టిక తెరుచుకుంటుంది. అందులో నమూనా అంకెలు చెరిపేసి మన అంకెలు వేసుకోవాలి. ఎవరు ఎక్కడ నొక్కినా అవే నాలుగు గుంపులు, అవే అంకెలు. బట్టల కొట్టు ముందు నిలబెట్టే బొమ్మ లాంటిది. మండలివాళ్ళు ఆ బొమ్మనే తీసుకొచ్చి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టేశారు.

అదెలా జరిగిందో కూడా ఆమె ఊహించగలదు. యూనిట్ల లెక్కలు ఇంకా రాలేదు. ఆపరేటర్ చోటు ఖాళీగా ఉండకూడదని నమూనా చార్టు పెట్టి, లెక్కలు వచ్చాక మారుద్దామనుకుని, తన నిశ్చితార్థానికి వెళ్ళిపోయాడు. లెక్కలు రాలేదు. మంత్రిగారు వచ్చేశారు.

"ఎవరిదయ్యా అంటే పలకరేం?" అన్నారు మంత్రిగారు.

మేనేజింగ్ డైరెక్టర్ పరాంకుశం గారు హాలంతా చూశారు. యూనిట్ మేనేజర్లందరూ ఆయన కళ్ళకి దొరక్కుండా ఫైళ్ళలో తలలు దూర్చారు. తల పైకెత్తి ఉన్నది పేరులంక యూనిట్ మేనేజర్ హైమావతి ఒక్కతే.

"పేరులంక యూనిట్ సర్" అన్నారు పరాంకుశం.

"మిగతావో?"

"కేటగిరీ ఒకటి ప్రధాన కార్యాలయం సర్. మూడు పెదమర్రు. నాలుగు సీతారాంపురం." పరాంకుశం గారు ఒకసారి అబద్ధంలోకి దిగాక ఈత బాగానే కొడతారు.

మండలి మొత్తం మీద పీచు ముట్టుకునేది ఒక్క పేరులంకలోనే. అక్కడ నలభై మంది ఆడవాళ్ళు తాడు పేనుతారు. పెదమర్రు యూనిట్‌కి తాళం పడి చాలా కాలమైంది. అక్కడి వాచ్‌మన్ భార్య యంత్రాల మీద వడియాలు ఎండబెట్టుకుంటోంది. సీతారాంపురంలో అయితే శంకుస్థాపన రాయి తప్ప మరో రాయి లేదు.

"సీతారాంపురం భలే పొడుగ్గా ఉందే!" అన్నారు మంత్రిగారు. "ఈ రంగులేంటి?"

"నీలం వాస్తవం సర్. నారింజ ఆశయం. బూడిద..." పరాంకుశం ఒక్క క్షణం ఆగారు. "బూడిద దీర్ఘకాలిక దృక్పథం సర్."

"నాలుగున్నర అంటే? టన్నులా, కోట్లా?"

"సమగ్ర సూచిక సర్. అన్నీ కలిసే ఉంటాయి."

మంత్రిగారు తృప్తిగా తల పంకించారు. హైమావతి లేచి నిలబడింది. "సర్, క్షమించాలి. అది అసలు మన..."

ఆమె నోరు మూయించాలంటే స్లయిడ్ మార్చేయడమే దారి అనుకున్న పరాంకుశం గారు గబుక్కున మౌస్ అందుకుని కంగారులో రెండుసార్లు నొక్కారు. చార్టు వెనక పట్టిక తెరుచుకుంది. దాన్ని మూయబోయి ఆయన కీబోర్డు మీద చెయ్యి వేశారు. ఏ వేలు ఎక్కడ పడిందో గానీ, మూడున్నర కాస్తా ముప్పై అయిదైంది.

పెదమర్రు నీలం కడ్డీ తెర పైకంటా లేచిపోయింది. మిగతా కడ్డీలన్నీ దాని పాదాల దగ్గర చీమల్లా అయిపోయాయి.

"పెదమర్రులో ఏం జరిగిందయ్యా?" మంత్రిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

అప్పుడు బిస్కెట్ల ప్లేట్లు సర్దిస్తున్న సూపరింటెండెంట్ భళ్ళమూడి లోకనాథం పరుగున వచ్చి కీబోర్డు మీద రెండు మీటలు కలిపి నొక్కారు. చేసిన పనిని రద్దుచేసే మీటలవి. అప్పటికి కంప్యూటర్‌లో ఆయనకి తెలిసింది అదొక్కటే. చేసే పనిలో ఎక్కువ భాగం రద్దుచేయాల్సినదే కావడం వల్ల బాగా సాధన అయింది. పెదమర్రు మళ్ళీ మూడున్నరకి దిగింది.

హాలంతా వెనక్కి ఒరిగి కూర్చుంది. మంత్రిగారు మాత్రం కూర్చోలేదు.

"అంటే ఒక్క వేలితో రాష్ట్ర పీచు రంగాన్ని తలకిందులు చేసేయొచ్చన్నమాట! ఇవాళంటే మనవాళ్ళ వేలు. రేపు ప్రతిపక్షం వాళ్ళ వేలైతే? చార్టుకి రక్షణ కావాలి పరాంకుశం. ఇక ఆ పొట్టిదుంది చూశారూ, అది మొత్తం బొమ్మ అందాన్నే చెడగొడుతోంది. మూసేయండి దాన్ని."

వారం తిరక్కుండా రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిది చార్ట్ రక్షణ విభాగం ఏర్పాటు. దానికి అధికారి లోకనాథం గారు. రెండోది, నీలం కడ్డీ మూడుకి దిగువనున్న యూనిట్‌ని వచ్చే సమీక్షలో మంత్రిగారి సమక్షంలో మూసివేయాలని.

*

పేరులంక షెడ్డులో రాట్నాలు ఆగాయి. హైమావతి చెప్పింది విని ఆడవాళ్ళంతా మంగాయమ్మ వైపు చూశారు. వాళ్ళందరి తరఫునా మాట్లాడేది ఆవిడే.

"అదేటండీ మేడంగారూ, తాడు బాలేదన్నారా?"

"లేదు మంగాయమ్మా. మన కడ్డీ పొట్టిగా ఉందన్నారు."

"మనం పేనేది తాడైతే మజ్జిలో కడ్డీ ఏటండీ?"

హైమావతి కాయితం మీద బొమ్మ గీసి చూపించింది. మంగాయమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదంట మనం. పోనీ ఇంత పొడుగున్నాడు, ఈడెవడండీ?"

"సీతారాంపురం."

"అక్కడేవుందండీ! మా ఆడబడుచుది ఆ ఊరే. రాయుందండి ఒకటి. దానిమీద కూకుని మావయ్యగారు చుట్ట కాల్చుకుంటారు."

నవ్వులు లేచి, అంత తొందరగానూ ఆగిపోయాయి. మంగాయమ్మ ఒళ్ళో పీచు పక్కకి పెట్టింది.

"ఇది మూసేత్తే మేం రొయ్యల షెడ్డుకే పోవాలండి. రోజంతా ఐసులో చేతులెట్టి తలకాయలు తీయాలి. మా చెల్లి చేతులు చూశారుగా, పుల్లల్లాగైపోయాయి. ఇక్కడైతే నీడపట్టున కూకుని పేనుకుంటన్నాం. ఎలాగోలా ఆ కడ్డీని కూసింత సాగదీసి రండమ్మా. రబ్బరేం కాదు కదా అనకండి, మీ ఆపీసోళ్ళు దేన్నైనా సాగదీత్తారు."

*

చార్ట్ రక్షణ విభాగం తలుపు మీద 'మెల్లగా నడవండి, లోపల చార్టు ఉంది' అని బోర్డు వేలాడుతోంది. లోకనాథం గారు కొత్త సఫారీ తొడుక్కుని కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. బల్ల మీద తెర ఉంది, కీబోర్డు ఉంది, మౌస్ లేదు.

"మౌస్ ఏదండీ?" అంది హైమావతి.

లోకనాథం తలుపు వైపు ఒకసారి చూసి, బల్ల కింద నుంచి టిఫిన్ క్యారేజీ తీశారు. దానికి బుల్లి తాళం వేసి ఉంది. "పై గిన్నెలో. ఇది ఎవరికీ తట్టని చోటు."

ఆఫీసు మొత్తానికి ఆయన అప్పటికే ఒక సర్క్యులర్ జారీ చేశారు. దాని ప్రకారం ఏ ఉద్యోగీ మౌస్‌ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కరాదు. ఒక నొక్కుకీ మరో నొక్కుకీ మధ్య ఒక కప్పు టీ తాగేంత వ్యవధి ఉండి తీరాలి. దాంతో కంప్యూటర్లలో ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

"లోకనాథం గారూ, పేరులంక లెక్క సరిచేయాలండి."

"ష్! గొంతు తగ్గించండి హైమావతి గారూ. ఆ మాట ఈ గదిలో అనకూడదు."

"మా అసలు ఉత్పత్తి వివరాలు తెచ్చాను. ఒక్కసారి చూడండి."

"మీ వివరాలు చార్టుతో సరిపోయాయా?"

"సరిపోలేదు. అందుకేగా వచ్చాను."

"సరిపోలేదంటే అవి తప్పుడు వివరాలు. తప్పుడు వివరాలు పట్టుకుని చార్టుని మార్చమంటే ఎలాగండీ?"

"ఒకవేళ సరిపోతే?"

"సరిపోతే ఇక మార్చడం దేనికి?"

హైమావతి గ్లాసుడు మంచినీళ్ళు తాగింది. "చూడండి, అది మన లెక్కే కాదు. నమూనా చార్టు. కంప్యూటర్‌తో పాటే వస్తుంది."

లోకనాథం ముఖం వెలిగిపోయింది. "కంప్యూటర్‌తో పాటే వచ్చిందా! ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు సుమండీ. అంటే మనిషి చెయ్యే పడలేదన్నమాట. ఎంత స్వచ్ఛమైన డేటా!"

ఆయనతో మాట్లాడి లాభం లేదని హైమావతికి అర్థమైంది. వరండాలో బెంచీ మీద కూలబడి ఆలోచించింది. పట్టిక తెరిచి, రెండున్నర చెరిపి, తన అసలు లెక్క వేస్తే చాలు. దానికి ఒక్క నిమిషం చాలు. కానీ మౌస్ క్యారేజీలో ఉంది. క్యారేజీ తాళంలో ఉంది. తాళంచెవి లోకనాథం గారి జంధ్యానికి ఉంది.

అప్పుడు తట్టింది. మనిషన్నాక అన్నం తినాలి. క్యారేజీలో మౌస్ ఉంటే అన్నం ఎక్కడ పెట్టుకుంటాడు? కింది గిన్నెలో. కింది గిన్నె తీయాలంటే పై గిన్నె తీయాలి. అంటే ఆ మౌస్ బయట ఉండే వేళ ఒక్కటే. భోజనాల వేళ.

ఆమె ఊహ తప్పలేదు. భోజనం గంట కొట్టగానే గదిలోంచి గిన్నెల చప్పుడు, ఆ వెనకే వంకాయ కూర వాసన వచ్చాయి. కాసేపటికి లోకనాథం గారు ఎంగిలి చెయ్యి దూరంగా పట్టుకుని కుళాయి వైపు వెళ్ళారు. హైమావతి చెప్పులు చేతిలో పట్టుకుని లోపలికి దూరింది.

పై గిన్నెలో మౌస్ ఉంది, అప్పడం ముక్కల పక్కన. వైరు తగిలించింది. తెర మీద నాలుగు గుంపులూ ప్రత్యక్షమయ్యాయి. బాణం గుర్తుని మెల్లగా జరిపి పొట్టి నీలం కడ్డీ మీదికి తెచ్చింది. రెండుసార్లు నొక్కింది.

ఏమీ తెరుచుకోలేదు.

మళ్ళీ నొక్కింది. కుడివైపు మీట నొక్కి చూసింది. డేటా మార్చు అనే మాటే లేదు. కడ్డీని పట్టి లాగింది. కడ్డీ ఒక్కటే కదల్లేదు. చార్టు మొత్తం గోడకి తగిలించిన క్యాలెండరులా పక్కకి జరిగింది.

"తెరుచుకోదండి" అంది వెనకనుంచి గొంతు.

లోకనాథం గారు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన ముఖంలో కోపం లేదు. కూతురికి మార్కులు బాగా వచ్చిన తండ్రిలా ఉన్నారు.

"మొదట్లో పాస్‌వర్డ్ పెట్టానండి. తర్వాత ఆలోచిస్తే, పాస్‌వర్డ్ ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది కదా! ఎవరికి తెలుసు? నాకు. అంటే చార్టుకి పొంచి ఉన్న ప్రమాదం ఎవరు? నేనే! ఆ భయంతో అన్నం సయించలేదు. చివరికి కంప్యూటర్ పుస్తకం తిరగేస్తే మార్గం దొరికింది. చార్టుని బొమ్మగా మార్చేసి అతికించాను. వెనక పట్టికని చెరిపేశాను."

"డేటా చెరిపేశారా?"

"పూర్తిగా. డేటా రక్షణలో ఇంతకన్నా పటిష్ఠమైన పద్ధతి ఇంకోటి లేదు. ఉన్నదాన్నయితే ఎవరైనా మారుస్తారు. లేనిదాన్ని ఎవడు మారుస్తాడండీ?"

హైమావతి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"అనుమతి లేకుండా రెండుసార్లు నొక్కినందుకు మీకు మెమో ఇవ్వక తప్పదు" అన్నారు లోకనాథం నొచ్చుకుంటూ. "రాసేలోపు పెరుగన్నం తినండి. మాగాయ ఉంది."

*

సమీక్ష రోజు వచ్చింది. మంత్రిగారు కూర్చుంటూనే, "ఆ పొట్టిది పోయిందా?" అని అడిగారు.

"మూసివేత ఉత్తర్వు సిద్ధంగా ఉంది సర్. తమ సమక్షంలో సంతకం" అన్నారు పరాంకుశం, పెన్ను మూత తీస్తూ.

"సర్, ఒక్క నిమిషం." హైమావతి లేచింది. ఈసారి ఉత్త చేతులతో రాలేదు. పేరులంక యూనిట్ ల్యాప్‌టాప్ తెచ్చుకుంది. ఎవరూ వద్దనేలోగా దాన్ని తెరకి తగిలించింది. "ఇది మా యూనిట్ కంప్యూటర్. ఇందులో కొత్త ఖాళీ స్లయిడ్ తెరుస్తున్నాను. ఒక్క అంకె కూడా వేయను. చార్టు కావాలని మాత్రం నొక్కుతాను. ఏం వస్తుందో మీరే చూడండి."

నొక్కింది. నాలుగు గుంపులు లేచాయి. నీలం, నారింజ, బూడిద. 4.3, 2.5, 3.5, 4.5.

హైమావతి రొమ్ము విరుచుకుని నిలబడింది. అయిపోయింది. ఇక ఎవరూ కాదనలేరు.

పరాంకుశం గారు మెల్లగా లేచారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"స్వతంత్ర ధ్రువీకరణ!" అన్నారు. "పేరులంక కంప్యూటర్, పేరులంక మేనేజర్. అయినా ఒక్క పాయింటు తేడా రాలేదు సర్. మనం అడక్కుండానే యంత్రానికి మన లెక్కలు తెలుసు. మండలి పారదర్శకతకి ఇంతకన్నా ఏం కావాలి!"

చప్పట్లు మోగాయి. మంత్రిగారు కూడా కొట్టారు. "ఆ అమ్మాయిని చూసి నేర్చుకోండయ్యా. తన యూనిట్ పొట్టిదని తనే వచ్చి రుజువు చేసింది. ఎవరక్కడ, శాలువా తీసుకురండి."

మంత్రిగారికని తెచ్చిన శాలువాల్లో ఒకటి హైమావతి భుజాల మీద పడింది. ఫోటో తీశారు. పరాంకుశం గారు మళ్ళీ పెన్ను అందుకుని ఉత్తర్వు పైకి చదవడం మొదలుపెట్టారు. "కేటగిరీ రెండు, అనగా పేరులంక యూనిట్‌ను..."

శాలువా కింద హైమావతికి చెమటలు పట్టాయి. మంగాయమ్మకి ఏం చెప్పాలి? తెర వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఆ కడ్డీని పొడుగు చేయాలని కొట్టుకుంది. కడ్డీ ఎత్తు మార్చడం ఇక దేవుడి వల్ల కూడా కాదు. కానీ ఆ కడ్డీ పేరులంకదని చార్టులో ఎక్కడ రాసి ఉంది? కేటగిరీ రెండు అని మాత్రమే ఉంది. పేరులంక అన్నది పరాంకుశం గారి నోరు. ఆయన నోటికి లోకనాథం తాళం వేయలేదు.

"అభ్యంతరం సర్" అంది. "సీనియారిటీ."

ఆ ఒక్క మాటతో హాలు మారిపోయింది. కునుకు తీస్తున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. ఒకాయన చెయ్యి అప్రయత్నంగా జేబులోని సర్వీసు వివరాల మీదికి పోయింది. ఆఫీసులో వరదొచ్చినా, నిప్పంటుకున్నా రేపు చూద్దామనొచ్చు. సీనియారిటీ అభ్యంతరం వస్తే మాత్రం అక్కడే, అప్పుడే తేల్చాలి.

"కేటగిరీ నంబర్లు సీనియారిటీ ప్రకారం ఇవ్వలేదు సర్. ఒకటి అంటే అందరికన్నా సీనియర్, నాలుగు అంటే జూనియర్ కావాలి కదా. పేరులంక అన్నిటికన్నా ఆఖర్న పుట్టింది. నన్ను రెండులో కూర్చోబెట్టి పెదమర్రుని మూడులోకి, సీతారాంపురాన్ని నాలుగులోకి తోసేశారు. జూనియర్‌ని సీనియర్ల నెత్తిన కూర్చోబెట్టినట్టయింది. రేపు ఎవరైనా కోర్టుకెళ్తే?"

"కోర్టా!" పరాంకుశం గారి వెన్ను నిటారుగా అయింది. "సీనియారిటీ విషయంలో ఈ మండలి ఎన్నడూ రాజీ పడలేదు, పడబోదు. ఇప్పుడే సవరిద్దాం. అందరికన్నా సీనియర్ ఎవరు?"

"సీతారాంపురం సర్" అన్నారెవరో. "ఆ రాయి వేసినప్పటికి మండలే లేదు."

"కేటగిరీ ఒకటి, సీతారాంపురం. రాసుకోండి. తర్వాత?"

"మన ప్రధాన కార్యాలయం సర్."

"కేటగిరీ రెండు, ప్రధాన..." పరాంకుశం గారి గొంతు అక్కడ ఆగింది. ఆయన కళ్ళు మెల్లగా తెర మీదికి పాకి, పొట్టి నీలం కడ్డీ మీద నిలిచిపోయాయి.

"అంటే ఇప్పుడు మూసేయాల్సింది ఈ ఆఫీసా?" మంత్రిగారు ఆసక్తిగా ముందుకి వంగారు. ఆయనకి ఏ పొట్టిదైనా ఒకటే.

పరాంకుశం గారి కళ్ళ ముందు తన గది, గదిలో ఏసీ, బయట కారు, కారు మీద దీపం వరసగా మెదిలాయి. నుదురు తుడుచుకున్నారు. ఇప్పుడు చెప్తాడు అనుకుంది హైమావతి. చావు తప్పదనుకుంటే నిజం దానంతటదే బయటికొస్తుంది.

"సర్" అన్నారు పరాంకుశం నీరసంగా. "నిజం చెప్పాలంటే, ఈ చార్టు..."

"నాకు అన్యాయం జరిగింది సర్!"

లోకనాథం గారు వెనక వరసలో లేచి నిలబడ్డారు. అవమానంతో ముఖం కందిపోయింది. "సీనియారిటీ జాబితాలో నా విభాగం పేరే లేదు. చార్ట్ రక్షణ విభాగం మనిషి కంటికి కనిపించలేదా సర్?"

"మీది మొన్నేగా పెట్టింది" అంది హైమావతి.

"ఏర్పాటు మొన్న. అమలు వెనకటి తేదీ నుంచి!" లోకనాథం ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. "నా ఇంక్రిమెంట్లు పోకుండా ఎండీగారే దయతలచి, నేను వేరే శాఖలో సర్వీసులో చేరిన రోజు నుంచి విభాగం ఉన్నట్టు ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికి సీతారాంపురం రాయి ఒక్కటే ఉంది సర్. మండలి లేదు. ఈ ప్రధాన కార్యాలయం నాకన్నా జూనియర్!"

పరాంకుశం గారు ఆయన వంక చూసిన చూపులో ఉన్నంత ప్రేమ ఆయన భార్య కూడా ఎన్నడూ ఎరగదు.

"లోకనాథం గారూ, బాగా ఆలోచించుకున్నారా? మీకు సీనియారిటీ కావాల్సిందేనా?"

"ప్రాణం పోయినా వదులుకోను సర్."

"రాసుకోండి!" పరాంకుశం గారి గొంతు గంటలా మోగింది. "కేటగిరీ రెండు, చార్ట్ రక్షణ విభాగం. మూడు, ప్రధాన కార్యాలయం."

"మరి పెదమర్రు సర్?" అని ఎవరో సందేహం వెలిబుచ్చారు. "ఉన్నవి నాలుగే కేటగిరీలు."

"పెదమర్రులోనూ ప్రధాన కార్యాలయంలోనూ జరిగే పని ఒకే స్థాయిలో ఉంది గనక, రెండిటినీ ఒకే కేటగిరీగా పరిగణించాలి. నాలుగు, పేరులంక."

సంతకం అయిపోయింది. మంత్రిగారు వెళ్ళబోతూ హైమావతి ముందు ఆగి, "నాలుగున్నర! నెల క్రితం ఎక్కడున్నావు, ఇప్పుడెక్కడున్నావు! కష్టపడితే ఇలా ఉంటుందమ్మా" అని మెచ్చుకున్నారు.

లోకనాథం గారు మాత్రం తెర ముందే నిలబడిపోయారు. సీనియారిటీ గెలిచిన ఆనందం కాస్త కాస్తగా దిగుతుంటే, వేలితో గాలిలో కడ్డీలు లెక్కపెట్టుకున్నారు. ఒకటి. రెండు. వేలు రెండో దాని మీద ఆగింది.

"సర్!" అని కేక పెట్టారు. "అది నమూనా చార్టు సర్! కంప్యూటర్‌తో పాటే వస్తుంది! హైమావతి గారు నాతో చెప్పారు! కావాలంటే వెనక పట్టిక తెరిపించి చూడండి!"

"పట్టికా?" అన్నారు పరాంకుశం, ఫైలు చంకన పెట్టుకుంటూ. "అది మీరు చెరిపేశారుగా లోకనాథం గారూ. చాలా పటిష్ఠంగా."

*

మూతపడిన విభాగం సిబ్బందిని అన్నిటికన్నా పొడుగు కడ్డీ ఉన్న యూనిట్‌లో సర్దుబాటు చేయాలని ఉత్తర్వులో ఆఖరి వాక్యం. సోమవారం పొద్దున్నే లోకనాథం గారు క్యారేజీ పట్టుకుని పేరులంక షెడ్డు ముందు బస్సు దిగారు. సఫారీ నలిగిపోయింది.

హైమావతికి ఆయన్ని ఏం చేయాలో పాలుపోలేదు. మంగాయమ్మ పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"ఏ పనొచ్చండీ బాబుగారికి?"

"రక్షణ" అన్నారు లోకనాథం, తల వంచుకుని.

"అయితే పనికొత్తారు. ఇలా రండి." తాడు కొస తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అవతలి కొస రాట్నానికి ఉంది. "అటేపు తిప్పుతుంటే ఇటేపు బిగబట్టి నిలబడాలి. నేను చెప్పేదాకా ఒదలకండి. ఒదిలేత్తే మెలంతా ఊడిపోద్ది."

లోకనాథం రెండు చేతులతోనూ కొసని పట్టుకున్నారు. రాట్నం తిరిగింది. మెలి తాడు పొడవునా పాకుతూ వచ్చి ఆయన గుప్పిట దగ్గర ఆగింది. కాసేపటికి ఆయన మెడ నిటారుగా లేచింది.

"పేనాక దీన్ని ఎవరైనా మార్చగలరా అమ్మా?" అని అడిగారు.

"తాడునాండీ? కోసుకోవాల్సిందే గానీ మార్చడమేటండీ?"

ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత శాంతి కనిపించింది. గుప్పిట ఇంకొంచెం బిగించారు.

మధ్యాహ్నం ఆడవాళ్ళంతా సద్దిగిన్నెలు విప్పుకున్నారు. హైమావతి గదిలోంచి బయటికొచ్చి చూస్తే, రాట్నం ఎప్పుడో ఆగిపోయి ఉంది. లోకనాథం గారు షెడ్డు ముందు ఎండలో అలాగే నిలబడి ఉన్నారు. తాడు వీణ తీగలా బిగుసుకుని ఉంది.

"భోజనానికి రండి లోకనాథం గారూ. వదిలేయండి."

"ఆవిడ చెప్పలేదండి."

"నేను చెబుతున్నాగా, మేనేజర్ని."

లోకనాథం గారు కొసని గుండెకి హత్తుకుని, ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఈ విషయంలో మీకు అధికారం లేదండి" అన్నారు.